బహుళ చవితి నాటి నెలవంక

నా పెళ్లికి ముందురోజు సాయంత్రం, మా ఊరు కొంటలో, ఇంటి మేడ మీద గదిలో, రెండు చేతులకూ గోరింటాకు పెట్టుకుని వేళ్లు విడదీసి ఫ్యాను కింద కూర్చున్నాను. ఆకు కోసుకొచ్చి రుబ్బి పెట్టింది కోసే అనే అమ్మాయి. పక్క ఊరి నుంచి మా కొట్టుకి చింతపండు తెచ్చే మనిషి. ఏ చెట్టు ఆకు బాగా పండుతుందో వెతికి మరీ తెచ్చింది. జీవితంలో మొదటిసారి బుద్ధిగా ఒకచోట కూర్చున్నానా, నాన్న గుమ్మంలోకి వచ్చి కండువాతో మెడ తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"బిడ్డా, శ్రీరంగంగారు పెళ్లి ఆపమంటున్నడు."

శ్రీరంగంగారు పెళ్లికొడుకు రామలింగానికి తాతయ్య. చర్ల నుంచి ఆ మధ్యాహ్నమే దిగారు. అమ్మానాన్నలు పోయాక రామలింగాన్ని పెంచి, చదివించి, మా కొంట ఆసుపత్రిలో మలేరియా రక్తపరీక్షలు చేసే ఉద్యోగం దాకా తెచ్చింది ఆయనే. ఆయన వద్దంటే రామలింగం తాళి కట్టడు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. ఆ బుద్ధి నచ్చే ఒప్పుకున్నాను కూడా. ఇప్పుడు అదే బుద్ధి తలుచుకుంటే ఒళ్లు మండింది.

"ఎందుకట?"

"శుక్రమౌఢ్యమంట. వాళ్ల పంచాంగంల ఇయ్యాల్టి నుంచే రాసున్నదంట. మన పంతులు చూసినదాంట్ల ఇంకా నాలుగు రోజులున్నది. పెద్దాయన కంటి ఆపరేషనని ఇన్నాళ్లు ఆసుపత్రిల ఉండె గదా. పంచాంగం తెరిపిచ్చి చదివిచ్చుకునుడు ఇయ్యాల బస్సులనే అయ్యిందంట."

శుక్రుడు సూర్యుడికి మరీ దగ్గరగా జరిగి, ఆ వెలుగులో కనపడకుండా పోయే రోజుల్ని మౌఢ్యమంటారు. ఆ రోజుల్లో మావాళ్లు పెళ్లిళ్లు చేయరు. కొట్టు ముందు గదిలో స్టూడియో పెట్టుకుని, చుట్టుపక్కల పెళ్లిళ్లకి ఫోటోలు తీసే నాకు మౌఢ్యమంటే సెలవులు. పాస్‌పోర్టు ఫోటోలు తప్ప పనుండదు, హాయిగా నిద్రపోవచ్చు. అది వచ్చి నా నెత్తిమీదే కూర్చుంటుందని ఏనాడూ అనుకోలేదు.

"వైశాఖంల పెట్టుకుందామంటున్నడు. వాయిదానే గదా బిడ్డా, కేన్సిల్ కాదు" అన్నాడు నాన్న.

వాయిదా అన్న మాట వింటే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. ఇంతకుముందు రెండు సంబంధాలు అలాగే వాయిదా పడ్డాయి. ఒకటి కరోనా వల్ల, ఇంకొకటి వాళ్లింట్లో మైల వచ్చి. వాయిదా పడ్డది మళ్లీ మా గడప తొక్కలేదు. అందులో ఒకాయన పోయిన నెల తన కొడుకు పుట్టినరోజు ఫోటోకి నా స్టూడియోకే వచ్చాడు. పిల్లాణ్ణి నవ్వించి, ఫోటో తీసి పంపించాను. నాకు ముప్పై మూడేళ్లు. రామలింగం నాకు కావాలి. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలా కావాలి. ఏదో ఒక దరఖాస్తు వంక పెట్టుకుని రెండేళ్లు నా దగ్గర ఫోటోలు తీయించుకున్న మనిషి, ఒక్కదాంట్లోనూ నవ్వని మనిషి.

గిన్నె కడుగుతున్న కోసే తలెత్తింది. "చుక్క ఏడికి పోయింది? నిన్న సంత నుంచి పోతుంటే చూసిన గదా. పడమటి దిక్కు, చెట్ల మీద. ఇయ్యాల గూడ ఉంటది."

నేను లేచాను. గోరింటాకు చేతులు అలాగే చాపుకుని వీధి దాటి, ఎదురింట్లో మగపెళ్లివారి విడిదికి వెళ్లాను. పెళ్లికూతురు అలా వెళ్లకూడదని అమ్మ వెనక నుంచి కేకేస్తూనే ఉంది.

శ్రీరంగంగారు వసారాలో కుర్చీలో ఉన్నారు. ఆపరేషనైన కంటి మీద ఆకుపచ్చ గుడ్డ వేలాడుతోంది. రెండో కంటికి ఇంకా శుక్లం తీయలేదు. పైగా ఆ రోజు బహుళ చవితి, ఆయనకి సంకటహర చవితి ఉపవాసం. చంద్రుడు లేచాక గానీ మెతుకు ముట్టరు. పక్కన రామలింగం, ఫీజు కట్టని పిల్లాడిలా తల వంచుకుని నిలబడ్డాడు.

"తాతయ్యగారూ, చుక్క కనపడుతూనే ఉంది. కోసే నిన్న చూసిందట" అన్నాను.

"చూసి ఉంటది. ఆ పిల్ల అబద్ధం చెప్తదని నేననను." ఆయన గొంతు పెద్దది కాదు. "మౌఢ్యమంటే ఏంది? చుక్క కనపడకపోవుడు. కనపడితే మౌఢ్యం లేనట్టే, పంచాంగంల ఏం రాసినా సరే. గని నేను చూడాలె అమ్మాయ్. వీడి నాయన పెండ్లప్పుడు గూడ ఇదే లొల్లి. ఎవరో చూసినమన్నరు, నేను నమ్మిన, పెండ్లి చేసిన. వీడికి అయిదేండ్లు రాకముందే ఇద్దరూ పోయిన్రు. మళ్ల ఒకరి కండ్లు నమ్మి వీడి పెండ్లి చెయ్యమంటే నాతోని కాదు."

నాలో ఉన్న కోపమంతా ఆ మాటకి ఎటో పోయింది. ఈయన చూడాలి, ఈయనకేమో దూరం చూపు ఆనదు. అప్పుడు నా వృత్తి నాకు గుర్తొచ్చింది.

"ఫోటో తీసి, పెద్దది చేసి చూపిస్తే?"

"నీ ఫోటోనా?" ఆయన నవ్వారు. "నిశ్చితార్థం నాడు నాది ఒకటి తీసినవ్. ముక్కు మీది పుట్టుమచ్చ లేదు, మశూచి మచ్చలు లెవ్వు. అందుల ఉన్నాయన ఎవరో ఇప్పటిదాకా నాకు తెల్వదు."

నిజమే. చెరిపాను. అందరి మొహాల మీదా అలాగే చెరుపుతాను, అందుకే అందరూ నా దగ్గరికి వస్తారు.

"మీ పక్కనే నిలబడి తీస్తాను. కెమెరా వెనకున్న తెర మీదే చూడండి. కంప్యూటర్ దాకా పోనే పోదు" అన్నాను. ఆయన మనవడి భుజం పట్టుకుని లేచారు.

నేను పెరట్లోకి పరిగెత్తి చేతులు కడిగేసుకున్నాను. గోరింటాకు ఇంకా తడి ఆరనేలేదు, చేతులు పలచటి నారింజ రంగులో బయటపడ్డాయి. అమ్మ అది చూసి ఏడుపు మొదలుపెట్టింది. ఏడవనిచ్చాను, నాకు టైము లేదు.

మేం మా మేడ మీదికి చేరేసరికి సూర్యుడు దిగిపోయాడు. ఇప్పపూల కాలం, పూలు ఏరుకోడానికి అడవిలో చెట్ల కింద ఆకులు తగలబెడుతున్నారు, పడమర అంతా పొగ. నాకేమీ కనపడలేదు. కోసే చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "అగో, సెల్ టవర్ పక్కన, జానెడు కిందికి" అంది. అప్పుడు కనపడింది. ఎర్రటి పొగలో మిణుకుమంటూ ఒక్క చుక్క. చెట్ల కొసలకి ఎంతో ఎత్తులో లేదు. అరగంట కూడా ఉండదని చూస్తేనే తెలుస్తోంది.

కెమెరా నా పెళ్లిళ్ల కెమెరాయే. పొడుగు లెన్సు కూడా, జనం వెనక నుంచి పెళ్లికూతురి మొహం దగ్గరగా లాగడానికి వాడేదే. దాన్ని ఆకాశం వైపు ఎప్పుడూ తిప్పలేదు. స్టాండు మీద బిగించి, ఆటోలో పెట్టి నొక్కాను. తెల్లగా అన్నంముద్దలాంటిది పడింది.

శ్రీరంగంగారు తెరని గుడ్డ లేని కంటికి ఆనించుకుని చూశారు. "ఇది టవర్ లైటు."

నా మీద నాకే విసుగొచ్చింది. లైట్ల కింద వజ్రపు ముక్కుపుడక తీసేటప్పుడు ఏం చేస్తాను? వెలుగు తగ్గిస్తూ పోతాను, మొహం చీకటైనా సరే, రాయి కోతలు కనపడేదాకా. ఇదీ అంతే. ఆటో తీసేశాను. వెలుగు బాగా తగ్గించాను. తెర మీద చుక్కని పెద్దది చేసుకుని, లెన్సుని చేత్తోనే వెంట్రుకవాసి వెంట్రుకవాసి తిప్పి, చెయ్యి తగిలి కదలకుండా టైమర్ పెట్టి నొక్కాను. పడిన బొమ్మని పెద్దది చేసి చూశాను.

నెలవంక.

కత్తిరించి పడేసిన గోరుముక్కంత సన్నటి నెలవంక, కొమ్ములు పైకి పెట్టుకుని ఉంది. లెన్సు పాడైందనుకున్నాను. మళ్లీ తీశాను, మళ్లీ నెలవంకే. రామలింగాన్ని పిలిచి, "స్లైడు చూసినట్టు సరిగ్గా చూసి చెప్పండి" అన్నాను. అతను చూసి నా మొహం వంక చూశాడు. "నెలవంక లాగే ఉందండీ" అన్నాడు మెల్లగా.

శ్రీరంగంగారు కెమెరా తీసుకుని చాలాసేపు కంటికి దగ్గరగా పెట్టుకున్నారు. తిరిగి ఇచ్చేటప్పుడు ఆయన మొహంలో కోపం లేదు, అలసట ఉంది. "నా మచ్చలు తీసినట్టే చేసినవా అమ్మాయ్. చుక్కని అడిగితే చంద్రుణ్ణి పెట్టినవ్."

శుక్రుడు నెలవంకలా ఉంటాడని నాకే తెలియదు. ఉన్నదాన్ని ఉన్నట్టు తీసిన మొదటి ఫోటోనే దొంగ ఫోటో అయి కూర్చుంది. అక్కడ చుక్క చెట్లలోకి దిగిపోతోంది. నాన్న గొంతు సవరించుకుని, "పోనీ బాబాయిగారూ, వైశాఖంలనే" అని మొదలుపెట్టాడు. రామలింగం నేల చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ముందు నోరొచ్చింది.

"ఇది చంద్రుడేనా తాతయ్యా? పక్కానా?"

"పక్కా. పసిపిల్లగాడు గూడ చెప్తడు."

"అయితే ఇంకేం. అమ్మా, తాతయ్యగారికి విస్తరి వెయ్యి. చంద్రుడు వచ్చేశాడట. పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు పాపం, ఉపవాసం విడుస్తారు."

పెద్దవాళ్లతో అలా మాట్లాడినందుకు నాన్న కళ్లతోనే నన్ను కొట్టాడు. శ్రీరంగంగారు మాత్రం మెల్లగా తూర్పు వైపు తిరిగారు. అటంతా మసక చీకటి. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నారు.

"చంద్రుడు లేవలేదు" అన్నారు, తనతో తానే అన్నట్టు. "పున్నమి పోయి నాలుగు రోజులు. ఇయ్యాల అందరూ తిని పడుకునే యాళ్లకు గని లేవడు. లేచినా తూర్పుల లేస్తడు, కుండంత ఉంటడు. పడమట, ఈ పూట, ఇంత సన్నగ..." ఆగారు. "చంద్రుడు కాదు. అయ్యే వీలే లేదు. ఇంకోటి తియ్యి బిడ్డా, జల్ది."

ఆయన నన్ను బిడ్డా అనడం అదే మొదలు. వెంటనే తీశాను. చుక్క బాగా దిగింది కాబట్టి ఈసారి టవర్ దిగువ కమ్మీ కూడా అంచున పడింది. ఒకే బొమ్మలో మా ఊరి టవర్ కమ్మీ, దాని పక్కన నెలవంక. ఆయన రామలింగం తెచ్చిన కుర్చీలో కూర్చుని, ఒళ్లో కెమెరా పెట్టుకుని, తల వంచి చూస్తూ ఉండిపోయారు.

"శుక్రుడికి గూడ కళలుంటయా?" అన్నారు చివరికి.

రామలింగం అప్పటికే ఫోన్లో వెతుకుతున్నాడు. "ఉంటయంట తాతా. మనకు, సూర్యుడికి నడుమకు వచ్చేటప్పుడు ఇట్లనే సన్నగ అయితడంట. కంటికి చుక్కలెక్కనే ఉంటడు, పెద్దది చేస్తేనే తెలుస్తదంట" అని చదివాడు.

పెద్దాయన వినిపించుకున్నారో లేదో. గుడ్డ కింద నుంచి చెంప మీదికి నీరు కారింది. ఏడవకూడదని కంటి డాక్టరు చెప్పాడని రామలింగం కంగారుపడితే చేత్తో వారించారు. "నేను చూసిన" అన్నారు, నాన్న వైపు తిరిగి. "నా కంటితోని నేను చూసిన. కాశయ్యా, ముహూర్తం నిలబెట్టు. వంటోళ్లకు చెప్పు."

నేను నీళ్ల ట్యాంకు పక్కన చతికిలబడి, ముక్కు కారేలా, చప్పుడయ్యేలా ఏడ్చాను. ఇన్నేళ్ల వాయిదాలన్నీ ఒక్కసారే బయటికొచ్చినట్టు అనిపించింది. అంత హాయి నాకెప్పుడూ తెలియదు. కోసే నా తల మీద చెయ్యి వేసి, "ఉంటదని చెప్పిన గదా" అంది. చెప్పింది మరి.

అందరూ కిందికి దిగుతుంటే రామలింగం వచ్చి పక్కన కూర్చున్నాడు. "నాక్కూడా భయమేసింది" అన్నాడు.

"భయమేస్తే నోరు తెరవాలి. నేనొక్కదాన్నే అరవాలా?"

"ఇకమీదట తెరుస్తాను" అని, నవ్వాడు. రెండేళ్లుగా నా కెమెరాకి దొరకని నవ్వు. చటుక్కున తీశాను. శుక్రుడికి తగ్గించిన వెలుగు మీదే తీశానేమో, మొత్తం నల్లగా వచ్చింది. అయినా చెరపలేదు.

మెట్ల మీద నుంచి పెద్దాయన గొంతు వినపడింది. "అమ్మాయ్, రేపటి ఫోటోలల్ల నా పుట్టుమచ్చ జోలికి పోకు."

మర్నాడు పెళ్లి అనుకున్న ముహూర్తానికే జరిగింది. నా నారింజ చేతులతోనే జీలకర్ర బెల్లం పెట్టించారు. మాంగల్యం, తలంబ్రాలు అయ్యాక పంతులుగారు మమ్మల్ని ఇద్దరినీ వాకిట్లోకి నడిపించి, అరుంధతీ నక్షత్రం చూపించమన్నారు. మండే ఎండ. రామలింగం చెయ్యెత్తి ఆకాశంలో ఎటో చూపించాడు. నేనెన్నో పెళ్లిళ్లలో ఈ ఘట్టం తీశాను. పట్టపగలు ఎవరికీ ఏమీ కనపడదు, కనపడిందని అందరూ అంటారు, నేను లెన్సు వెనక నవ్వుకుంటాను. ఇప్పుడు పందిరి గుడ్డ అంచూ, దాని మీద నీలం ఆకాశమూ తప్ప నాకూ ఏమీ కనపడలేదు. తన కంటితో చూస్తే గానీ నమ్మనని నిన్న అన్న మనిషి ఎదురుగా అబద్ధం ఎలా ఆడాలో తెలియక ఆకాశంలోనే వెతుకుతున్నాను.

"అరుంధతి కనపడిందా అమ్మా?" అన్నారు పంతులుగారు.

మా వెనక శ్రీరంగంగారు కంటి మీద ఆకుపచ్చ గుడ్డతో, మొహం పైకెత్తి, రామలింగం చూపించిన దిక్కు కాకుండా ఇంకెటో చూస్తున్నారు.

"కనపడ్డది" అన్నారాయన, అందరికంటే ముందు.

"నాకూ కనపడింది తాతయ్యా" అన్నాను.