బయటున్న సర్పంచు

"కాయ, కర్పూరం పెట్టుకో. పొద్దున్నే బోరు బండి వస్తాది" అన్నాడు ఓబుళేసు, అన్నం తిన్న పళ్లెంలోనే చేయి కడుక్కుంటూ.

ఈశ్వరి చింతపండుతో ఇత్తడి పళ్లెం తోముతోంది. ఆమె చేయి ఆగింది. "యాడికి?"

"యాడికేంది మే, మన చీనీ తోటకే. చెట్లు ఎండిపోతాంటే చూస్తా కూచోమంటావా? సిద్దమ్మ గట్టు పక్కన పాయింటు చూపించినా. టెంకాయ అరచేతిలో లేచి నిలబడినాది, నీళ్లు ఉండాయి."

"కొత్త బోర్లు వద్దని గ్రామసభలో మనమే చెప్పినాం గదా."

"మైకులో బాగానే మాట్లాడినావులే. అది ఊరికి. మనకు కాదు."

ఆ మాట చెప్పిన రోజు మైకు ఆమె చేతిలోనే ఉంది. కొత్త బోరు ఎవరూ వేయొద్దు, బోరున్నవాళ్లు లేనివాళ్ల చేనుకు ఒక తడి ఇవ్వాలి అని చెప్పింది. అందరికంటే ముందు చేయెత్తింది సిద్దమ్మే. మొగుడు పోయిన మనిషి, ఉన్నది ఒక్క బోరు. అయినా పైపు వేయించి పక్క చేన్లకు నీళ్లు వదిలింది. "నీ మాట నమ్మి ఇస్తాండా ఈశ్వరమ్మా" అంది. ఇప్పుడు ఆ గట్టు పక్కనే అంతకంటే లోతుకు దిగితే సిద్దమ్మ పైపులో గాలి తప్ప ఏమొస్తుంది? సర్పంచు తోటలోనే బోరు పడ్డాక ఊళ్లో ఇంకెవరు ఆగుతారు?

ఆ రాత్రి ఆమెకు కన్ను మూతపడలేదు. మొగుడికి ఎదురు చెప్పే ధైర్యం లేదు. తెల్లవారుతుండగా ఒక అబద్ధం తోచింది. బయటున్నానంటే చాలు. బయటున్న ఆడది దగ్గరికొస్తే గంగమ్మ వెనక్కి పోతుందని బండివాళ్లకు భయం. ఇంటి ఆడది కాయ కొట్టందే ఓబుళేసూ పని మొదలుపెట్టడు. అసలు ఆ అబద్ధం ఆమెకు నేర్పింది అతనే. గెలిచిన కొత్తలో మండలాఫీసు మీటింగు రోజున ఆమె నిజంగానే బయటుంది. "నువ్వుండు మే, నేను పోయొస్తా" అని వెళ్లి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత ప్రతి మీటింగుకూ అదే సాకు. చివరికి అక్కడెవరో, "ఏమప్పా, మీ సర్పంచమ్మకు నెలకు మూడు తూర్లా?" అన్నారట. ఆ మాట ఇంటికొచ్చి ఓబుళేసే నవ్వుతూ చెప్పాడు. అత్త కూడా నవ్వింది. ఈశ్వరి రొట్టె తిప్పబోయి పెనాన్ని ముట్టుకుంది. వేలు కాలిన సంగతి ఎవరూ చూడలేదు.

పొద్దున బండి వచ్చింది. దాని మోతకు చీనీ ఆకులు కూడా వణికాయి. బోరు పాయింటుకు గుర్తుగా పెట్టిన పసుపు పూసిన రాయి దగ్గర ఓబుళేసు, బండివాళ్లు నిలబడి ఉన్నారు. గట్టుకు అవతల సిద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"బండి మీ తోటకేనా తల్లీ?" అంది ఈశ్వరిని చూసి.

ఈశ్వరి కాయ, కర్పూరం ఉన్న పళ్లెంతో రాయి దగ్గరికి వచ్చింది. నాలుక చివర అబద్ధం సిద్ధంగా ఉంది. ఆ మాట అంటే ఈ పూటకు బండి పోతుంది. తర్వాత? నాలుగో రోజు తలకు పోసుకోవాలి. బండి మళ్లీ వస్తుంది. మళ్లీ ఏ సాకు? ఇన్నాళ్లూ ఆ ఒక్క మాటతోనే మొగుడు తనను ఇంటి మూలన కూర్చోబెట్టాడు. ఇప్పుడు తానే నడిచి వెళ్లి ఆ మూలన కూర్చోవాలా?

"ఏం మే, నిలబడినావు? కొట్టు" అన్నాడు ఓబుళేసు.

ఆమె పళ్లెం పక్కన పెట్టి, ఆ పసుపు రాయి మీద కూర్చుంది.

ఓబుళేసు ముఖం మాడిపోయింది. వంగి, గొంతు తగ్గించి అడిగాడు. "ఏందే ఇది? బయటుండావా?"

పక్కనే ఉండి ఆ మాట చెవినపడ్డ బండివాళ్లు గబగబా వెనక్కి జరిగారు. తల ఊపితే చాలు, అయిపోతుంది.

"లేదు" అంది ఈశ్వరి. మైకులో చెప్పినట్టే అందరికీ వినపడేలా చెప్పింది. "బయటుండాదని ఇన్నాళ్లూ నువ్వు చెప్పినావు. ఈ పొద్దు లోపలికి వచ్చినా. సర్పంచును చెప్తాండా, బండి తిప్పండప్పా."

ఇంజను ఇంకా ఆగలేదు. ఆమె లేవలేదు.