పదిహేడో నంబరు రాజుగారు

పదకొండేళ్ళు షార్కుల మీద పరిశోధన చేశాను. ఒక్కరోజు కూడా నీళ్ళలో దిగలేదు. నవ్వకండి. పడవలో కూర్చుని, పైకి తేలిన వీపు రెక్క మీది గాట్లు చూసి, ఏది ఏదో గుర్తుపట్టి, ఒక్కోదానికి ఒక నంబరిచ్చి నోటు పుస్తకంలో రాసుకునేవాణ్ణి. దానికి ఈత దేనికి? నాకు నీళ్ళంటే భయమని ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

పరిశోధనశాల మూతపడ్డాక మా అక్క మొగుడు పిలిచి పనిచ్చాడు. బావ పడవలో జనాన్ని ఇనుప బోనులో నీళ్ళలోకి దింపి షార్కుల్ని చూపిస్తారు. నేను గైడుని, పడవ మీదే. అయితే నాకొక రోగం ఉంది, నిజం చెప్పడం. "వాటికి మనిషి మాంసం రుచించదండీ" అని మొదలుపెట్టి గంటసేపు వాయిస్తే, జనానికి భయం పోయి ఆవలింతలు వచ్చేవి. ఒకాయన బోనులోనే కునుకు తీశాడు.

"ఇవాళ కూడా ఎవరైనా ఆవలించారో, రేపట్నుంచి ఒడ్డున కూర్చుని జనం వేసుకుని దిగే రబ్బరు సూట్లు ఉతుక్కో," అన్నాడు బావ. "నోరు తెరిస్తే 'అదిగో!' అనాలి. అంతే."

ఆ రోజు వచ్చినవాళ్ళు ప్రసూతి ఆసుపత్రి నర్సులు, ఐదుగురు. చేప తలకాయలు నీళ్ళలో వేయగానే మూడు గాట్ల రెక్క తేలింది. నా పదిహేడో నంబరు! "అదిగో!" అన్నాను. అందరూ కెవ్వుమన్నారు. బావ మొహం వెలిగిపోయింది. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను?

"మగదండీ. ఈ తీరానికి రాజు. దీని మీద రెండు వ్యాసాలు రాశాను."

పెద్ద నర్సు బోనులో దిగి, రెండు నిమిషాలకు పైకొచ్చి, నోట్లోంచి గాలి గొట్టం తీసింది.

"మీ రాజుగారికి నెలలు నిండాయి నాయనా."

నాకు ఒళ్ళు మండిపోయింది. పదకొండేళ్ళ చదువు నాది, రెండు నిమిషాల చూపు ఆవిడది! ఆ కోపంలో గొట్టం నోట కరుచుకుని బోనులోకి దూకేశాను. మగ షార్కుకి పొట్ట కింద, వెనకవైపు, రెండు వేళ్ళలాంటివి ఉంటాయి. దీనికి లేవు. పొట్ట మాత్రం బానలా ఉంది. అది ఇటు తిరిగి నన్ను చూసింది. అప్పుడు గుర్తొచ్చింది, నాకు నీళ్ళంటే భయమని. ఎలా పైకొచ్చానో తెలీదు, చూసేసరికి బావ మెడ పట్టుకుని వేలాడుతూ కేకలు పెడుతున్నాను.

ఒడ్డుకొచ్చేదాకా ఒక్కరూ ఆవలించలేదు. నవ్వి నవ్వి ఇద్దరికి కడుపునొప్పి వచ్చింది. "కానుపెప్పుడో చెప్పండి, మళ్ళీ వస్తాం," అన్నారు.

"ఎప్పుడురా?" అన్నాడు బావ.

"తెలీదు బావా."

"పదకొండేళ్ళు ఏం వెలగబెట్టావురా? సరే, రేపట్నుంచి రోజూ ఇలాగే 'మగది, రాజు' అని చెప్పు. చెప్పి, దూకి, కేకలు పెట్టు."

ఉద్యోగం నిలిచింది, పరువు పోయింది. ఇంటికెళ్ళి పాత నోటు పుస్తకం తీసి, పదిహేడు పక్కన 'మగ' కొట్టేసి 'ఆడ, గర్భిణి' అని రాశాను. పరిశీలించినవారి పేరు రాసే గడిలో నా పేరు కొట్టేయడానికి మాత్రం చాలాసేపు మనసొప్పలేదు. చివరికి కొట్టేసి, 'పెద్ద నర్సు' అని రాశాను.