మెరుపు చెరిపిన పలక

నగల దుకాణంలో మెరుగు పెట్టే పనిలో చేరిన నాటి నుంచి ఆమెను అందరూ మెరుగమ్మ అనే పిలుస్తారు. మహా మొండి మనిషి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటుంది. చనిపోయిన తండ్రి వాడిన లేతు యంత్రాన్ని షెడ్డులోంచి తీసేసి, ఆ చోట రిపేరుకొచ్చిన స్కూటర్లు పెట్టుకుంటానని మెకానిక్ అన్నయ్య అంటే ససేమిరా అంది.

"ఆ ఇనప దున్నపోతుతో నువ్వేం చేస్తావే?"

"ఆవిరి పడవ చేస్తా. పెరటి తొట్టిలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిపిస్తా. నడిస్తే లేతు ఉంటుంది."

"నడవకపోతే పాత ఇనుము వాడికిచ్చేస్తా. సరేనా?"

"సరే!"

రాగి గొట్టంతో బాయిలరు, ఇత్తడి కడ్డీని లేతు మీద తిప్పి సిలిండరు, పెసరగింజంత మరలు, చిటికెన వేలి గోరంత కుళాయి, అన్నీ తన చేతులతోనే చేసింది. చేసినదాన్ని చేసినట్టు వదిలితేనా! ప్రతి ముక్కనూ మెరుగు చక్రానికి పట్టి, మొహం కనబడేదాకా రుద్దింది.

తీరా బాయిలరు కింద దీపం వెలిగిస్తే నీళ్ళు మరిగాయి, పడవ బుస్సుమంది, అంగుళం కదల్లేదు. ఆవిరంతా సిలిండరు పక్క నుంచే పోయింది.

"పైన పటారం, లోన లొటారం," అన్నాడు అన్నయ్య. "ఆదివారం దాకా చూస్తా. సోమవారం పాత ఇనుము వాడి బండి వస్తుంది."

మెరుగమ్మకు ఒళ్ళు మండిపోయింది. సిలిండరును అదిమిపట్టే స్ప్రింగు బిగించింది, ఇంకాస్త మెరుగు పెట్టింది. ఆవిరి ఇంకాస్త పోయింది. శనివారం, సిలిండరు దేన్ని ఆనుకుని అటూ ఇటూ ఊగుతుందో ఆ ఇత్తడి పలకకు దీపపు మసి పూసి, సిలిండరును దానికి ఒత్తి చూసింది. మసి నడిమధ్యనే అంటుకుంది, అంచులకు అంటలేదు. కొంప ముంచింది తన మెరుగే! మెత్తటి చక్రం అంచులను కొద్దికొద్దిగా తినేసింది.

గాజు పలక మీద గరుకు పొడి, నూనె వేసి, ఆ ఇత్తడి పలకనూ సిలిండరు పక్కనూ చదునయ్యేలా రుద్దడం మొదలుపెట్టింది. మెరుపు పోతుంటే ప్రాణం ఉసూరుమంది. దుకాణంలో ఇలాంటి ముక్క ఇస్తే యజమాని మొహాన కొట్టేవాడు. "పోతే పోయింది, దిక్కుమాలిన మెరుపు!" అని తిట్టుకుంటూ, అంచుల దాకా ఒకే బూడిదరంగు వచ్చేవరకూ ఆపలేదు. అయినా చెయ్యి ఊరుకోదే! మళ్ళీ చక్రం వైపు పోబోతే, దాని బెల్టు ఊడదీసి అటక మీదికి విసిరేసింది.

ఆదివారం పడవ టకటకమంటూ బయల్దేరింది. తొట్టి మధ్యలో కాస్త నెమ్మదించింది. మెరుగమ్మ తొట్టి అంచు మీదికి వంగింది. "పోవే తల్లీ, పో!" అంది. అంతలో, చేతులు కట్టుకుని చూస్తున్న అన్నయ్య ఉన్నట్టుండి తొట్టి చుట్టూ పరుగెత్తాడు.

"ముట్టుకున్నావంటే ఊరుకోను!"

"గోడకి కొట్టుకుంటుందే! ముక్కు సొట్ట పోతుంది!"

అవతలి చివర మోకాళ్ళ మీద కూర్చుని అతడు నీళ్ళలో చేతులు పెట్టాడు. పడవ గోడ దాకా తనంతట తానే వచ్చి, ఆ అరచేతుల్లో ఆగింది. మెరుగమ్మ ఆనందంతో చప్పట్లు కొట్టింది. అయినా గొంతు తగ్గించలేదు.

"ముందు ఆ బండివాణ్ణి రావద్దని చెప్పు."

"నిన్ననే చెప్పేశా."

"నిన్ననా? నిన్నటికి ఇది నడవనే లేదుగా!"

"కిటికీలోంచి చూశాలే," అన్నాడు అన్నయ్య, పడవను వదలకుండానే. "నువ్వే నీ చేత్తో మెరుపు చెరుపుకుంటున్నావంటే, ఇంక ఆ లేతు ఎక్కడికీ కదలదని నాకు తెలీదటే?"