కొండప్ప దగ్గుకు పేరు

కొండప్పకు కంచం వేరు పెట్టి మూడు నెలలైంది. కంచమొక్కటేనా, గ్లాసు వేరు, దుప్పటి వేరు, పడక కూడా వేరే. ఆవుల్ని అమ్మేశాక ఖాళీగా పడి ఉన్న రేకుల కొట్టంలో మంచం వేశారు. అన్నం గడప అవతల పెట్టి, భార్య అంజమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి పోయి నిలబడేది. ప్రేమ లేక కాదు పాపం. పుంగనూరులో ఒక డాక్టరు ఎక్స్‌రే చూసి టీబీ అని మాత్రలు రాశాడు, అంతే. తాతల కాలం నుంచి ఎక్కడెక్కడో దగ్గేవాళ్లంతా మదనపల్లె టీబీ ఆసుపత్రికి, ఆ కొండగాలికి వచ్చి బాగుపడి వెళ్లారు గనక, ఈ ప్రాంతంలో ఎవడైనా రెండు నెలలు విడవకుండా దగ్గితే ఊరు ఊరంతా డాక్టరైపోతుంది. ఇక్కడ దగ్గుకు ఇంకో పేరు లేదు.

"టీబీ కాదు మే! గనుల్లో పట్టిన దుమ్ము ఇది. ఎన్నిసార్లు సెప్పల్ల నీకు?" అని కొండప్ప అరిచేవాడు. అరిచాక పావుగంట దగ్గేవాడు. ఆ దగ్గు చూసి అంజమ్మ ఇంకో రెండడుగులు వెనక్కి పోయేది.

కొండప్పది బైరెడ్డిపల్లె పక్క పల్లె. మెట్ట చేను, అందులో మూడు ఎండిన బోర్లు. పంట లేక బోరుబండి వెంట పోయి డ్రిల్లు తిప్పడం నేర్చుకున్నాడు. ఆ చేతి పనే ఆయన్ని బొగ్గు గనులకు తీసుకుపోయింది. ఒడిశాలో ఆరేళ్లు, జార్ఖండ్‌లో పదకొండేళ్లు, తర్వాత కాంట్రాక్టరు విమానమెక్కిస్తే ఆఫ్రికాలో మొజాంబిక్ అనే దేశంలో నాలుగేళ్లు. బొగ్గు మీదున్న బండకు తూట్లు పొడవడం ఆయన పని. ఆ తూట్లలో మందు కూరి పేల్చేవాళ్లు. జార్ఖండ్‌లో టీకొట్టువాడు కూడా మనిషి దగ్గు విని "ఏ గని?" అని అడిగేవాడు. మొజాంబిక్‌లో మాట అర్థంకాని ముసలాయన ఒకడు తన ఎదురొమ్ము మీద చెయ్యి వేసి చూపించి, జాలిగా తల ఊపాడు. అన్ని దేశాలు గుర్తుపట్టిన దగ్గు సొంత ఊళ్లో ఒక్కరికీ తెలియదంటే ఒళ్లు మండదా మరి!

పొరుగింటి కదిరప్ప అయితే నవ్వేశాడు. "బొగ్గంటే ఇస్త్రీ పెట్టెలో ఏసేదే గదప్పా. మంగమ్మ ముప్పై ఏండ్ల నుంచి ఇస్త్రీ సేస్తాండాది. ఆయమ్మకు రాని దగ్గు నీకెట్లొచ్చె?"

అది కట్టెల బొగ్గు, ఇది గని బండ దుమ్ము అని కొండప్ప దగ్గర జవాబు ఉంది. చెప్పేందుకు ఓపికే లేదు.

ఇదంతా భరించేవాడేమో గానీ, కూతురు వసుధ కాన్పుకు వచ్చి ఆడపిల్లను కన్నది. పాపకు మూడో నెల. కొండప్ప ఆ పిల్లను కిటికీలోంచి చూడటమే తప్ప ఒక్కసారి ఎత్తుకున్నది లేదు. శుక్రవారం కలికిరి నుంచి వియ్యంకులు వచ్చి తల్లినీ బిడ్డనూ తీసుకుపోతారు. టీబీ ఇంటికి బిడ్డను మళ్లీ పంపేది లేదని వియ్యపురాలు ఫోన్లో తేల్చి చెప్పింది. అంటే శుక్రవారం లోపల ఇది టీబీ కాదని కాగితం రావాలి. లేకపోతే మనవరాలు కిటికీ అవతలే వెళ్లిపోతుంది.

సోమవారం మదనపల్లె పోయాడు. కళ్లె పరీక్షకిచ్చి, మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చుంటే కాగితం చేతికిచ్చారు. క్రిములు లేవని ఉంది. కొండప్ప ప్రాణం లేచి వచ్చింది.

"అంటే టీబీ లేదు గదా సార్?"

"మాత్రలు పని సేస్తాండాయని అర్థం. ఆపద్దు, మింగుతా ఉండు" అన్నాడు కౌంటర్లో మనిషి.

"మాత్రలు మొదలుపెట్టక ముందు సూసినా క్రిములు లేవు సార్!"

"ఆ కాగితం యాడ?"

అది పుంగనూరు డాక్టరు దగ్గరుంది. మంగళవారం పుంగనూరు పోతే క్లినిక్కుకు తాళం. డాక్టరు పెళ్లికి పోయాడు, వారమయ్యాక వస్తాడని పక్కనున్న మందుల షాపువాడు చెప్పాడు. కొండప్ప ఆ తాళాన్ని పట్టుకుని రెండుసార్లు గట్టిగా లాగాడు. రాదని తెలుసు, అయినా లాగాడు.

బుధవారం ఎవరికీ చెప్పకుండా కుప్పం బస్సెక్కాడు. అక్కడి పెద్దాసుపత్రిలో స్కానింగ్ తీసి, మాలతి అనే డాక్టరమ్మ దగ్గరికి పంపారు. వసుధ కంటే నాలుగేళ్లు పెద్దది ఉంటుందేమో. స్కానింగ్ ఫిల్మును దీపానికి ఎదురుగా పెట్టి చూసి, ఇటు తిరిగి అడిగింది.

"ఇంతకు ముందు ఏం పని చేసేవాళ్లప్పా?"

మూడు నెలల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. కొండప్పకు కళ్లు చెమర్చాయి. గనుల పేర్లు, బండ్ల పేర్లు, ఏళ్లు, అన్నీ గబగబా చెప్పేశాడు. మధ్యలో దగ్గాడు. ఆమె వెనక్కి జరగలేదు.

"డ్రిల్లు వేసేటప్పుడు దుమ్ము లేవకుండా నీళ్లు వదలాలి కదా. మీ బండికి నీళ్లు లేవా?"

"ఉండె మేడం. నేనే కట్టేస్తాంటి."

"ఎందుకప్పా?"

కొండప్ప తల వంచుకున్నాడు. "మాది బైరెడ్డిపల్లె పక్క మేడం. మా నాయన మూడు బోర్లేయించి మూడిట్లోనూ దుమ్మే సూసినాడు. అట్లాంటోడి కొడుకుని, ట్యాంకరు ట్యాంకరు నీళ్లు తెచ్చి బండలో పొయ్యమంటే నాకు సెయ్యి రాలేదు. సూపర్‌వైజరు వస్తే వాల్వు తిప్పేది, పోతే కట్టేసేది. మిగిలిన నీళ్లు ఆడ గుడిసెల ఆడోళ్లు బిందెల్లో పట్టుకుపోతాండ్రి. మంచి పనే అనుకుంటి."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

ఇరవయ్యొక్క ఏళ్లు! పక్క బండివాళ్లు నీళ్లు వదులుకుని హాయిగా పని చేసుకుంటుంటే, ఈయన ముఖానికి తువ్వాలు చుట్టుకుని పొడి బండ తొలిచాడు. కాంట్రాక్టర్నీ, పుంగనూరు డాక్టర్నీ, కౌంటర్లో మనిషినీ ఇన్నాళ్లూ తిట్టుకున్నాడు. ఇప్పుడు తిట్టడానికి తనే మిగిలాడు. అది ఆయనకు అన్నిటికంటే కష్టంగా తోచింది.

"టీబీ లేదు. రాతి దుమ్ము, బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని గట్టిపడింది. ఇది ఎవరికీ అంటదు. ఆ మాత్రలు ఆపేయండి" అంది ఆమె. తర్వాత గొంతు తగ్గించింది. "కానీ దీన్ని నయం చేసే మందు లేదప్పా. టీబీ అయ్యుంటే ఆరు నెలల్లో బాగుచేసి పంపేదాన్ని. ఇది పెరగొచ్చు. పెరిగితే ఆక్సిజన్ పెట్టుకోవాల్సి ఉంటుంది. ఇంట్లోవాళ్లను తీసుకురండి, నేను చెబుతాను."

"అంటదు గదా మేడం?"

"అంటదు."

"అది తెలుగులో రాసియ్యండి. పెద్ద అచ్చరాలతో. మందు లేదన్న ఆ రెండో మాట రాయొద్దండి."

ఆమె ఆయన వైపు చూసింది. వచ్చే వారం భార్యను తప్పకుండా వెంట తెస్తానని మాట తీసుకున్నాక రాసిచ్చింది.

సాయంత్రం వాకిట్లో నిలబడి వసుధ ఆ చీటీ పైకి చదివింది. టీబీ కాదు, ఎవరికీ అంటదు. అంజమ్మ అక్కడే కూలబడి ఏడ్చేసింది. "నా తల్లీ, గంగమ్మా!" అని దణ్ణాలు పెట్టింది. లేచి పోయి కొట్టంలో దుప్పటీ, మంచమూ తనే లోపలికి ఈడ్చుకొచ్చింది. మూడు నెలలు కొంగు అడ్డం పెట్టుకున్నందుకు తప్పయిందని ఒక్క మాట అంటుందేమోనని కొండప్ప చూశాడు. ఆమె సంతోషంలో ఆ మాటే మరిచిపోయింది. ఆయనకు కోపమొచ్చింది, కోపాన్ని మింగేశాడు.

"మాత్రలు?" అని అడిగింది.

"ఆపేయమన్నారు."

"ఇంకేమప్పా, పీడ పాయ!"

వసుధ నవ్వుతూ పాపను తెచ్చి చేతుల్లో పెట్టింది. వెచ్చగా, పాల వాసనతో, అనుకున్నదాని కంటే బరువుగా ఉంది. కొండప్పకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఊరందరికీ చూపించాలనిపించింది. పిల్లను గుండెకు హత్తుకుని వాకిలి దాటి వీధిలోకి నడిచాడు.

ఆరడుగులు వేశాడు. ఏడో అడుగుకు రొమ్ము లోపల ఎవరో తలుపు మూసినట్టయింది. గాలి రాలేదు. చేతులు సడలడం మొదలుపెట్టాయి. పాప జారిపోతుందేమోనన్న భయంతో గిరుక్కున తిరిగి, పిల్లను కూతురి వైపు చాపాడు. వసుధ పరుగున వచ్చి అందుకుంది.

"ఇంకా యాలయ్యా బయపడతావు?" అని గడపలోంచి అంజమ్మ గట్టిగా నవ్వింది. "అంటదని రాసిచ్చిరి గదా. ఎత్తుకో, ఎంతసేపన్నా ఎత్తుకో!"

కొండప్ప గోడ పట్టుకుని, నోరు తెరిచి, వచ్చే గాలి కోసం నిలబడ్డాడు. జవాబు చెప్పడానికి కూడా ఆ గాలే కావాలి.