సంజీవ్ పేరు మీద వచ్చిన కాగితం

సంజీవ్ చనిపోయిన పదకొండు రోజులకు, విదేశం నుంచి అతని పేరు మీద ఒక కవరు కోరుట్లలోని అక్షిత ఇంటికి వచ్చింది. ఇద్దరూ జగిత్యాల దగ్గర ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతుండేవాళ్లు. తెలంగాణ కోసం మొదలైన సకల జనుల సమ్మెతో హాస్టల్ మూతబడుతుందని, అతనే ఆమె ఇంటి చిరునామా ఇచ్చి పెట్టాడు.

కవరులో ఏముందో ఆమెకు తెలుసు. ఎనిమిది నెలలు అతను చేసిన పనికి మిగిలిన ఆఖరి కాగితం అది.

సంజీవ్ తండ్రి లస్మయ్య తంగళ్ళపల్లి నుంచి రోజూ సిరిసిల్లకు వెళ్లి కనకయ్య కార్ఖానాలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. కనకయ్య భీవండి నుంచి నాలుగు పాత సాంచెలు తెచ్చాడు. చీర అంచుకు డిజైన్ వేయడానికి వాటికి ఒక్కో ఎలక్ట్రానిక్ పెట్టె ఉండేది. పెట్టె చేసిన కంపెనీ మూతబడింది. దాని ప్రోగ్రామ్‌ను మనిషి రాసిన రూపంలో ఎవరూ దాచలేదు. యంత్రం కోసం మార్చిన ఆబ్జెక్ట్ ఫైళ్లు మాత్రమే మిగిలాయి. వాటిని చదవగలిగితే తప్ప పెట్టెను బాగుచేసే దారి లేదు. అలాంటి ఫైళ్లు ఒక్కో కంపెనీవి ఒక్కో పద్ధతిలో ఉంటాయి. అన్ని పద్ధతులనూ తెరిచి చదివే ఒక సాఫ్ట్‌వేర్ లైబ్రరీని దేశదేశాల వాళ్లు కలిసి రాస్తున్నారు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఆ లైబ్రరీకి కూడా కనకయ్య పెట్టె ఫైలు ఏ రకమో అంతుబట్టలేదు. సంజీవ్ అంకెల కాగితాలు ముందేసుకుని ఆ పద్ధతిని విప్పాడు. దాన్ని చదివే భాగం రాసి పంపాడు. లైబ్రరీ వాళ్లు నాలుగుసార్లు దిద్దించి, చివరికి బాగుందన్నారు. 'ఇది నేనే రాశాను, అందరూ వాడుకోవడానికి ఇస్తున్నాను' అని సంతకం చేసి పంపితే కలుపుకుంటామన్నారు.

ఆ కాగితం దారిలో ఉండగానే, సెప్టెంబర్ ఆఖరున రాస్తారోకోలో సంజీవ్ తలకు లాఠీ దెబ్బ తగిలింది. మూడో రోజు ఆస్పత్రిలో ప్రాణం పోయింది.

అక్షిత ఆ లైబ్రరీ వాళ్లకు సంగతి రాసింది. సంతాపం చెబుతూ, వారసుడు సంతకం చేసినా చెల్లుతుందని మెయిల్‌లో మరో ఫారం పంపారు. సమ్మె ముగిసి బస్సులు తిరగగానే ఆమె రుద్రంగి మీదుగా సిరిసిల్లకు, అక్కడి నుంచి ఆటోలో తంగళ్ళపల్లికి వెళ్లింది.

లస్మయ్య గడప మీద కూర్చుని ఉన్నాడు. ఫారం చూడగానే ముఖం తిప్పుకున్నాడు.

"సంజీవ్ రాసిన ప్రోగ్రామ్ తీస్కుంటరట కాకా. నీ సంతకం కావాలె."

"గప్పుడు ఆస్పత్రిల పోలీసోళ్లు గూడ గిట్లనే ఒక కాగితం తెచ్చిండ్రు బిడ్డా. సంతకం పెడితెనే పీనుగను ఇస్తమన్నరు. పెట్టిన. మూడొద్దులైనంక కనకయ్య సేటు సదివి జెప్పిండు. బండి మీదికెళ్ళి పడ్డడని రాసి ఉన్నదట. మా ఇంట్ల సైకిలు గూడ లేదు."

"గీ కాగితం గసొంటిది కాదు కాకా."

"గప్పుడు గూడ గట్లనే అన్నరు."

లోపలి నుంచి సంజీవ్ తల్లి అంజవ్వ చాయ తెచ్చి అక్షిత చేతికిచ్చి వెళ్లిపోయింది. అక్షిత చాయ తాగి వచ్చేసింది.

ఇంటికి వచ్చాక ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. నిజానికి తనే రాశానని, సంజీవ్ పంపాడంతేనని చెప్పి తన పేరుతో పంపితే? పని వృథా పోదు, కాదనేవాళ్లు లేరు. కంప్యూటర్‌లో ఫారం తెరిచి తన పేరు టైపు చేసింది. స్క్రీన్ మీద ఆ పేరు చూస్తూ చాలాసేపు కూర్చుంది. అతను నాలుగోసారి దిద్దిన రోజు మెస్‌లో అన్నం కూడా తినలేదని గుర్తొచ్చింది. పేరు చెరిపేసింది.

ఏడాదిన్నర గడిచింది. అక్షిత కోరుట్లలోనే ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతోంది. ఒక పొద్దున కాలేజీకి బయలుదేరుతుంటే లస్మయ్య గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు.

"మా దిక్కు అమరుల పేర్లు రాతి పలక మీద చెక్కిచ్చిండ్రు బిడ్డా. మావోని పేరు లేదు. పోయి అడిగిన. కాగితంల బండి మీదికెళ్ళి పడ్డడని ఉన్నది, నీ సంతకమే ఉన్నది, మేమేం జేస్తం అన్నరు."

అక్షిత అతన్ని లోపలికి పిలిచింది. కుర్చీ వేసింది. అతను కూర్చోలేదు.

"నువ్వు తెచ్చిన కాగితం ఉన్నదా?"

"ఉన్నది కాకా."

"సదువు. ఒక్కొక్క మాట సదువు."

ఆమె ఇంగ్లీషులో ఒక వాక్యం చదివి, దాన్ని తెలుగులో చెప్పి, మళ్లీ తర్వాతి వాక్యం చదివింది. అతను వేలితో కాగితం మీద చూపించి, చెప్పినవే మళ్లీ చెప్పించుకున్నాడు.

"ఎట్ల పోయిండో గిందుల రాయొచ్చా?"

"జాగ లేదు కాకా. సంజీవే రాసిండని మాత్రం ఉన్నది."

"అవద్ధం ఏం లేదు గదా?"

"లేదు."

అతను బల్ల మీదికి వంగి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు. పెట్టాక పెన్ను వదల్లేదు. ఆమే మెల్లగా తీసుకుంది. చెంగుతో కళ్లు ఒత్తుకుని కాలేజీకి సెలవు పెట్టి, అతన్ని బస్టాండుకు తీసుకెళ్లి టిఫిన్ తినిపించి బస్సెక్కించింది.

ఆ ఏడు దసరా తర్వాత లైబ్రరీ కొత్త కూర్పు విడుదలైంది. మార్పుల జాబితాలో ఒక్క వరుస: సంజీవ్ పేరు, అతను చేర్చిన పద్ధతి పేరు. అక్షిత ఆ పేజీ ప్రింటు తీసుకుని తంగళ్ళపల్లికి వెళ్లింది.

లస్మయ్య కాగితాన్ని వెలుతురులోకి పట్టి, ఆమె చూపించిన చోట చూశాడు.

"దీన్ని ఇప్పుడు ఎవరు వాడుతున్నరు?"

కనకయ్య ఆ నాలుగు సాంచెలనూ అప్పటికే పాత ఇనుము కింద అమ్మేశాడు. అలాంటి పెట్టెలు ఇంకెక్కడైనా ఉన్నాయో లేవో ఆమెకు తెలియదు.

"ఎవరూ వాడకపోవచ్చు కాకా."

"వాడకపోతే తీసేస్తరా?"

సరిపెట్టే మాట ఒకటి ఆమె నోటిదాకా వచ్చింది. కానీ ఈ మనిషి చేత ఇప్పటికే ఒకసారి అబద్ధం మీద సంతకం పెట్టించారు.

"కొన్నేండ్లు చూసి తీసేస్తరు. గంతకుముందు అందరికీ చెప్పి, ఎవరన్న కావాలంటరేమోనని అడుగుతరు."

లస్మయ్య తల ఊపాడు. కార్ఖానాకు వేళవుతోందని లేచి, కాగితం భార్య చేతికిచ్చి వెళ్లిపోయాడు.

అంజవ్వ దాన్ని తిప్పి పట్టుకుని చూసింది. అన్ని రోజుల్లో మొదటిసారి ఆమె అక్షితను ఒక మాట అడిగింది.

"అడిగినప్పుడు, కావాలని మనం జెప్పొచ్చా బిడ్డా?"

"చెప్పొచ్చు చిన్నమ్మ," అంది అక్షిత. "వింటరో లేదో తెల్వది."