చిగురేసే కోపం

ఉదయగిరిలో వెంగమ్మ ఇంట తెల్లారితే నర్ది చెక్క పనే. గరిటెలు, స్పూన్లు చెక్కి, నున్నగా రుద్ది, వాకిట్లో ఆరబెడతారు. ఆ వేళకు మనవరాలు నిరోషకు కోపం రాకూడదు. వచ్చిందా, ఎండిన గరిటె కూడా చిగురేస్తుంది. ఆకులున్న గరిటెను కొనేదెవరు?

"కోపమొస్తే మింగెయ్ మే, సరుకు చెడిపోతాది" అనేది అవ్వ. పాపం, ఆ పిల్ల మింగుతూనే పెరిగింది.

నిరోష ఇప్పుడు ఆత్మకూరు కాలేజీలో డేటా సైన్స్‌లో ఎంటెక్ చదువుతోంది. థీసిస్ టాపిక్ తనే ఎంచుకుంది: ఆకు ఫొటో చూసి కొండ మీది చెట్టేదో చెప్పే ఏఐ. నర్ది చెట్లు ఎక్కడ మిగిలాయో తెలిస్తేనే కదా కాపాడుకునేది! ఎండలో కొండెక్కి ఫొటోలన్నీ తనే తీసింది.

తీరా చూస్తే నోటీసు బోర్డులో ఆ టాపిక్ పక్కన క్లాస్‌మేట్ ప్రశాంత్ పేరుంది. వాళ్ళ నాయన కాలేజీ కమిటీలో పెద్దమనిషి. నిరోషకేమో ఎవరెవరో చేసి వదిలేసిన విదేశీ పూల టాపిక్ ఇచ్చారు.

గైడు మల్లికార్జున సారు గదిలోకి విసురుగా పోయింది. ప్రశాంత్ అక్కడే ఉన్నాడు.

"ఏందమ్మా ఆ మొహం? పూల డేటా రెడీగా ఉండాది. నీకు కష్టం లేకుండా చేసినాను గదా. ఆ ఆకుల ఫొటోలు ఇతనికిచ్చెయ్" అన్నాడు సారు.

పుండు మీద కారం చల్లినట్టు ప్రశాంత్ నవ్వాడు. నిరోష అలవాటుగా కోపాన్ని మింగబోయింది. అది గొంతు దిగలేదు. అయినా ఎందుకు మింగాలి? ఇక్కడేం గరిటెలు ఆరబెట్టారని?

"ఎండకు మాడింది నేను సార్! ముళ్ళు దిగింది నా కాళ్ళకు! పేరు మాత్రం ఈయనదా? ఒక్క ఫొటో కూడా ఇవ్వను!"

బల్ల చిటపటలాడుతూ చిగురేసింది. కుర్చీలు ఆకులు తొడిగాయి. తలుపు కొమ్మలేసి గుమ్మానికి అల్లుకుపోయింది.

"కాలేజీ సామానమ్మా, మెల్లిగా!" సారు ఆకులు పక్కకు తోస్తూ అన్నాడు. "నాకు క్లాసుండాది. ఆ తలుపెట్లా తెరుచుకుంటుంది?"

"నా టాపిక్ నాకు రాసిస్తే."

"నాకొద్దులే సార్" అన్నాడు ప్రశాంత్, తలుపునే చూస్తూ. సారు రాసిచ్చాడు. తలుపు మనిషి పట్టేంత సందిచ్చింది.

సాయంత్రం నిరోష వాకిట్లో అడుగుపెట్టగానే ఆరబెట్టిన గరిటెలన్నీ పచ్చగా చిగురించాయి. వెంగమ్మ ఉలి కింద పెట్టింది.

"టాపిక్ రాలేదా మే?"

"వచ్చింది."

"మరింకెవరి మీద?"

"నీ మీదే! ఇన్నేళ్ళూ మింగించింది నువ్వు గదవ్వా!"

వెంగమ్మ చిగురేసిన గరిటెనొకదాన్ని తీసుకుని చిగుళ్ళు తడిమింది.

"నిజమే" అంది. "చెప్పులు ఇప్పబాక. కొండ మీద నరికిన నర్ది మొద్దులు శానా ఉండాయి. ఆ కోపం చల్లారకముందే పోదాం పా."