రాంచందర్ బిగించిన నట్లు

ముప్పై ఏళ్లు లారీ నడిపిన రాంచందర్‌కు భయమంటే తెలియదని కేతేపల్లిలో పేరు. అదంతా ఉత్తదే. కూతురు మనీష పాల ట్రాలీ తోలుతానన్నప్పటి నుంచి ఆయనకు కంటి మీద కునుకు లేదు. నెల రోజులు పక్క సీట్లో కూర్చుని, తన వైపు లేని బ్రేకును తొక్కుతూనే ఉన్నాడు. చివరికి, రేపటి నుంచి ఒక్కదాన్నే పోతానని ఆ పిల్ల తేల్చి చెప్పింది.

ఆ సాయంత్రమే ట్రాలీకి కొత్త టైర్లు వేయించి, నట్లు తనే బిగించాడు. పానా పట్టి చేతి బలంతో బిగిస్తే చాలు. ఆయనకు తృప్తి కలగలేదు. పానా మీదికెక్కి రెండు గంతులు వేశాడు.

“గంత భయమైతే బండిని ఇంట్ల దాసుకోరాదు?” అని భార్య లీలమ్మ నవ్వింది.

తెల్లారి ఏడింటికి మనీష ఫోన్ చేసింది. వెనక చక్రం పంచర్. బండి నిండా పాలు. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, నట్లే ఊడి రావడం లేదు.

రాంచందర్ బైకు మీద ఉరికాడు. పిల్ల అరచేతులు కందిపోయి ఉన్నాయి. ఆయన పట్టినా నట్టు కదలలేదు. పక్క పొలంలో ఇనుప గొట్టం అడిగి తెచ్చి, పానాకు తొడిగి, ఇద్దరూ కలిసి బరువేస్తే అప్పుడు కిర్రుమంది.

మనీష అక్కడే కూలబడింది. “నాతోని గాదు బాపూ. ఆడిపిల్లకు బండెందుకన్నోళ్ల మాటే నిజమేమో. రేపటి సంది మల్ల నువ్వు గూడ రా.”

ఆయన కోరుకున్నదీ అదే. నోరు మూసుకుంటే చాలు, ఆ పక్క సీటు మళ్లీ ఆయనదే. ఒక్క క్షణం సంబరపడ్డాడు కూడా, పాడు మనసు! కానీ పిల్ల తన చేతులకేసి చూసుకుంటున్న తీరు చూసి తట్టుకోలేకపోయాడు.

“నీ చేతులకేం తక్కువ లేదు బిడ్డా. తప్పు నాది. పానా మీదెక్కి దునికిన. నాకే వస్తలేవు, నీకెట్ల వస్తయి?”

“గట్లెందుకు జేసినవ్ బాపూ?”

“భయమైంది.”

ఆ మాట ఆయన జన్మలో ఎవరితోనూ అనలేదు. మనీష చున్నీతో ముఖం తుడుచుకుని లేచింది. మిగతా నట్లూ ఆ గొట్టంతోనే వదిలించాక, స్టెప్నీ తనే ఎక్కించింది. రాంచందర్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

“ముందుగాల చేత్తోని తిప్పు. ఒకటైనంక పక్కది గాదు, దాని ఎదురుగున్నది. ఆఁ. గిప్పుడు జాకీ దించి, మల్ల గట్లనే గట్టిగ బిగియ్యి. చేతుల బలమే, కాలు పెట్టకు. రేపు ఇప్పుకోవాల్సింది గూడ నువ్వే.”

“సరిపోయిందా?”

“సరిపోయింది.” చేతులు దురద పెట్టాయి గానీ పానా అడగలేదు. “యాభై కిలోమీటర్లు పోయినంక ఆపి, మల్లొకసారి బిగువు చూసుకో. నాకు ఫోన్ జేసే పని లేదు.”

ట్రాలీ కదిలింది. బైకు ఇంటివైపు తిప్పినవాడల్లా దిగి, ట్రాలీ వెనక పది అడుగులు ఉరికాడు. అద్దంలో చూసి మనీష బ్రేకు వేసింది.

“ఏమైంది బాపూ?”

“ఏం లే. పని లేకున్నా, ఊకెనే ఫోన్ జెయ్యి.”